హారం ముట్టుకోని లెక్క

చీపురుపల్లిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు జానకిరామయ్యగారు. చదివింది ఇంగ్లీషులో, చెప్పిందీ ఇంగ్లీషు మాటల్లోనే. భిన్నం కింద, హారంలో వర్గమూలం మిగిలితే ఆయనకి కంట్లో నలుసు పడ్డట్టుండేది. "దాన్ని ర్యాషనలైజ్ చెయ్యందే పలక కింద పెట్టకండి" అని గదమాయించేవారు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఆయన అరుగు మీద మిగిలింది ఇద్దరే, ప్రైవేటుగా ఎస్సెల్సీకి కట్టినవాళ్లు. ఒకతె రైతు లక్ష్ముడి కూతురు దేముడమ్మ. రెండో ఆమె లక్ష్మీకామేశ్వరి. ఆమె తండ్రి త్యాగరాజుగారు కోవెల్లో పురాణం చెప్పేవారు, పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచాన ఉన్నారు. ఈసారి పాసైతే కామేశ్వరికి టీచరు ట్రైనింగులో సీటు దొరికేలా ఉంది. తప్పితే ఇక లేదు, జూను దాటితే దరఖాస్తుకి వయసు చెల్లదు.

"కొత్త తెలుగు లెక్కల పుస్తకం కొనమంటారా మాస్టారూ?" అని ఆమె ఓసారి అడిగింది.

"లెక్కకి భాషేమిటమ్మా! పెన్సిలుంటే చాలు" అని కొట్టిపారేశారాయన.

పరీక్ష రాసి ఇద్దరూ ప్రశ్నపత్రం పట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికే వచ్చారు. ఒక లెక్క దగ్గర ఆయన వేలు ఆగింది. పైన రూట్ పన్నెండు, రూట్ ఇరవై ఏడు కలిపి ఉన్నాయి, కింద రూట్ అయిదు. 'హారమును అకరణీయము చేసి సూక్ష్మీకరింపుము' అని అడిగారు.

"ఏం రాశావమ్మా?" అని కామేశ్వరిని అడిగారు.

"పైన రెండూ విప్పి కలిపానండీ. అయిదు రూట్ మూడు. కింద రూట్ అయిదు అలాగే ఉంచేశాను."

"అలాగే ఉంచావా! ఎందుకూ?"

"ముట్టుకోవద్దన్నారు కదండీ."

"ఎవరు?"

కామేశ్వరి ఆ మాట చూపించింది. అకరణీయం. చేయరానిది. వాళ్ల నాన్నగారి నోట రోజుకి పదిసార్లు వినే మాట. మడిబట్ట తాకడం అకరణీయం, గడప మీద కూర్చోవడం అకరణీయం. హారం జోలికి పోకుండా మిగతాది చేయమన్నారనుకుంది పిల్ల.

దేముడమ్మ పకపకా నవ్వింది. "ఓలమ్మా! నాకా మాటే తెల్దు. కింద మూలముంటే మాస్టారు సంపేస్తారని, పైనా కిందా రూట్ అయిదెట్టి కొట్టీసినాను. రూట్ పదిహేనొచ్చింది. సదువెక్కువైపోయినాది నీకు, అదీ గొడవ!"

కామేశ్వరి కూడా నవ్వింది. నవ్వుతూనే, "అది తప్పాండీ?" అంది.

కరణి అంటే మూలమనీ, అది లేకుండా చేయడమే, అంటే ర్యాషనలైజ్ చేయడమే, ఇక్కడ అకరణీయమనీ ఆయన చెప్పారు. ఎప్పుడో ఎక్కడో ఆయన కంటబడ్డ మాటే అది. ఈ అరుగు మీద ఒక్కనాడూ ఆయన నోటినుంచి రాలేదు.

"ఎన్ని మార్కులండీ దానికి?"

"అయిదు."

ఫలితాల పేపర్లో దేముడమ్మ నంబరు పడింది. కామేశ్వరిది లేదు. మార్కులొచ్చాక చూస్తే లెక్కల్లో ముప్పై రెండు. పాసవ్వాలంటే ముప్పై అయిదు.

జానకిరామయ్యగారు ఎండన పడి త్యాగరాజుగారింటికి వెళ్లారు. "తప్పు నాదండీ" అని జరిగింది చెప్పారు.

మంచం మీద త్యాగరాజుగారు మాట కూడదీసుకుని అడిగారు, "మాటకి అర్థం... సరిగ్గానే తెలుసుకుంది కదా అమ్మాయి?"

"సరిగ్గానే తెలుసుకుందండీ."

"మరి?"

కామేశ్వరి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మాస్టారు సగం తాగి లేచారు.

ఇంటికొచ్చి పరీక్షలవాళ్లకి ఉత్తరం మొదలెట్టారు. ప్రశ్న తప్పని రాయబోయి ఆగారు. ప్రశ్నలో తప్పేం లేదు. పిల్లది తప్పనడానికి చేయి రాలేదు. ఇక తప్పు చేసిన మూడోవాడెవరో రాయాలి. కాగితం చింపేశారు.

జూలైలో కామేశ్వరి విజయనగరంలో ఎవరో దూరపు బంధువుల ఇంట వంటకి కుదిరింది. బయల్దేరే ముందు చెప్పి వెళదామని అరుగు దగ్గరికొచ్చి, "మాస్టారున్నారాండీ?" అంది.

ఆయన లోపలి గదిలో కుర్చీలో మెలకువగానే కూర్చుని ఉన్నారు. పడుకున్నారని చెప్పమని భార్యకి సైగ చేశారు.

"అయ్యో, లేపకండి" అంది కామేశ్వరి.