జమాల్ చొక్కాకు పడిన చిల్లులు

హసన్‌పర్తి రోడ్డులో బ్యాటరీ పనివాడెవరో తెలియాలంటే బోర్డు చదవక్కర్లేదు, చొక్కా చూస్తే చాలు. యాసిడ్ చుక్కలు పడి జల్లెడలా ఉంటుంది. జమాల్ ఒక్కడే వేరు. ఇరవై ఆరేళ్లుగా తెల్లటి నూలు చొక్కా వేసుకునే షాపు తెరిచే మొండిఘటం! "చిల్లు వడ్డదంటే చెయ్యి వణికినట్టే" అనేవాడు. భార్య తాహెరా బేగం ఆ చొక్కాలను వాకిట్లో నలుగురికీ కనబడేలా ఆరేసేది. మరి ఆమె గొప్ప ఆమెది.

సల్ఫ్యూరిక్ యాసిడ్ చూడటానికి నూనెలా చిక్కగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. వాసన కూడా ఉండదు. నీళ్లలో దాన్ని సన్నటి ధారగా పోస్తూ కలిపితే చెప్పినట్టు వింటుంది. దాని మీదే నీళ్లు పోశారా, ఇక అంతే! ఒక్కసారిగా కుతకుత ఉడికి మొహాన చిమ్ముతుంది.

మొన్న జూన్‌లో కట్టయ్య ట్రాక్టరు బ్యాటరీ పట్టుకొచ్చాడు. పత్తి రైతు, కాలు నిలవని మనిషి. "జర జల్ది చెయ్యి జమాల్ భాయ్, దున్నుడు ఆగింది" అని ఒకటే పోరు. జమాల్ మగ్గులో యాసిడ్ కొలిచి పెట్టి, నీళ్ల తొట్టి కోసం అటు తిరిగాడు. సాయం చేద్దామనుకున్నాడు పాపం కట్టయ్య. పురుగుమందు కలిపేటప్పుడు ముందు మందు, దాని మీద నీళ్లు, అదీ ఆయన అలవాటు. మగ్గు మీదికి వంగి నీళ్ల చెంబెత్తాడు.

"ఓ కట్టన్నా, ఆగు!"

అప్పటికే నీళ్లు పడ్డాయి. జమాల్ ఆయన్ను ఒక్క తోపు తోసి తాను అడ్డం నిలబడ్డాడు. బుస్సుమని లేచిందంతా అతని ఛాతీ మీద, చేతుల మీద పడింది. చొక్కా విప్పి పారేసి, నల్లా కింద కూర్చుని ఇరవై నిమిషాలు లేవలేదు.

కట్టయ్య చెంబు పక్కన పడేసి నల్లా దగ్గరికి ఉరికాడు. "నా కండ్లు పోతుండె గదనే!"

"పోలేదు గద. ఫికర్ చెయ్యకు. దవాఖానకు పోదాం, బండి తియ్యి."

చేతుల మీద మచ్చలు మిగిలాయి. చొక్కాకు మాత్రం చూపుకు ఏమీ కాలేదు; యాసిడ్ తిన్న నూలు ఉతికేదాకా బయటపడదు. మూడో రోజు తాహెరా వంటసోడా నీళ్లలో జాడించి దులిపేసరికి ఛాతీ మీద గుడ్డ పొడిపొడిగా రాలి చిల్లులు పడ్డాయి. జమాల్ మొహం చిన్నబోయింది.

"పారెయ్. రోడ్డు మీద అందరు నవ్వుతరు."

ఆమెకు కోపమొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చి చేతిలో పెట్టింది.

"నవ్వేటోళ్లను కట్టన్న మొఖం జూసి రమ్మను. ఇయ్యాల గిదే ఏసుకోండ్రి."

జమాల్ ఆ చొక్కాతోనే షాపు తెరిచాడు.