నేను కొత్త పదార్థం కనిపెట్టిన వైనం

నరసరావుపేటలో కెమిస్ట్రీ చెబుతాను. పొద్దున్నే మీసానికి ఆముదం పట్టించి ఓసారి మెలేస్తే గాని క్లాసులో అడుగుపెట్టే ధైర్యం రాదు. మా ఊరు గురజాల నుంచి వెంట తెచ్చుకున్న అలవాటు.

నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చేది. స్కూలు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒక కలుపు మొక్క వేళ్లలో ఏముందో తేల్చే పనిలో ఉంది. సెలవు అయిపోయేలోగా థీసిస్ ఇవ్వకపోతే అంతా మొదటికొస్తుంది.

వేళ్ల నుంచి తీసిన పొడిని సాల్వెంట్‌లో కరిగించి, డ్రాపర్‌లో చిన్న దూది ఉండ పెట్టి వడపోసి, సన్నటి గాజు గొట్టంలో నింపి, నగరంలో ఉన్న ఎన్ఎంఆర్ యంత్రానికి పంపేవాళ్లం. పదార్థం ఎలాంటిదో ఆ యంత్రం గ్రాఫు మీద పీకులుగా, అంటే నిటారు గీతలుగా, గీసి చూపిస్తుంది. నేను నింపిన గొట్టానికి వచ్చిన గ్రాఫులో ఎవరూ ఊహించని పీకులు కొన్ని కనిపించాయి.

“సార్, ఇది నూనె మాదిరి ఉంది. ఎక్కడో కలిసిందేమో,” అందామె.

“నూనేందమ్మా! కొత్త పదార్థం ఇది. పల్నాడు పేరే పెడదాం. థీసిస్ ఇప్పుడే ఇవ్వమాక.”

పాపం, ఆపింది. నేను మాత్రం ఆగలేదు. స్టాఫ్‌రూములో మిఠాయిలు కూడా పంచాను.

ఆమె మళ్లీ సొంతంగా చేసి పంపితే ఆ పీకులు లేవు. నేను చేస్తే ఇంకాస్త పొడుగ్గా వచ్చాయి. “చూశావా? చెయ్యి తిరిగినోడు చేస్తేనే వస్తది,” అన్నాను. అంత మాట ఎలా అన్నానో, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సెలవు కరిగిపోతున్న దిగులు ఆమె మొహంలో తెలుస్తోంది.

“పొడి లేకుండా ఒట్టి సాల్వెంట్ వడపోసి పంపుదాం సార్. మీరే చేయండి.”

“అందులో కూడా పీకులొస్తే మీసం తీయించుకుంటా!”

వచ్చాయి.

ఇక వెతుకులాట మొదలైంది. సాల్వెంట్‌ను నేరుగా గొట్టంలో పోసి పంపితే గ్రాఫు శుభ్రం. డ్రాపర్‌లోంచి పోసినా శుభ్రమే. మిగిలింది దూది. దూది వ్యాపారం మీద బతికే ఊళ్లో దూదినే నిలబెట్టి తిట్టాను. కొత్త కట్ట తెప్పించాను. ఫలితం మారలేదు.

“ఒకసారి నా ముందు చేయండి సార్. ఎట్టా చేస్తారో చూస్తా.”

గ్లౌజులు వేసుకున్నాను. గ్లౌజులు ఎందుకు వేసుకోవాలో ఆమెకు మరోసారి ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఉపన్యాసం చానా బాగా కుదిరిందనిపించి చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. ఓసారి మెలేసి, అదే వేళ్లతో దూదిని ఉండ చుట్టబోయాను.

“సార్, చెయ్యి అక్కడే ఆపండి.”

ఆగిపోయాను. ఆమె కొత్త దూది తీసి నా చేతిలో పెట్టి, “మీసానికి బాగా రుద్దండి,” అంది. దాంట్లోంచి సాల్వెంట్ పోసి పంపింది. నేను కనిపెట్టిన కొత్త పదార్థం గ్రాఫు నిండా నిటారుగా నిలబడి వచ్చింది. నా మొహం ఆముదం తాగినట్టయింది.

పందెం సంగతి ఆమె ఎత్తలేదు. నేనే మంగలి షాపుకి వెళ్లాను.

“ఏంది సార్, మొక్కుబడా?” అన్నాడతను. ఔనన్నాను. ఎన్ఎంఆర్ గురించి చెప్పే ఓపిక లేదు.

ఆముదం పీకులు పోయాక మిగిలింది అందరికీ తెలిసిన మామూలు పదార్థమే. దాన్నే రాసి, సెలవు అంచుల్లో థీసిస్ ఇచ్చేసింది. వైవా పరీక్షలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, థీసిస్ చివర ఆమె జతచేసిన ఆ పాత గ్రాఫు దగ్గర ఆగాడు.

“ఈ నూనె ఎక్కడిదమ్మా?”

ఆమె నావైపు చూడనైనా లేదు.

“మూలం కనుక్కుని తొలగించాం సార్.”

ఆయన తలూపి పేజీ తిప్పాడు. కాసేపటికి ఆమెను డాక్టర్ అని పిలిచి అభినందించాడు. నాకు కళ్లు చెమర్చాయి. నా శిష్యురాలన్న గర్వంతో చెయ్యి పైకి లేచింది. మెలేయడానికి అక్కడేమీ లేదు.