దిష్టి ఉప్పు

కర్నూలు నుంచి నందికొట్కూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒకామె తడి గోనెసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందులో వానపాములున్నాయి. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి కూరగాయల చెత్త, పేడ వేసి ఎరువు తొట్టి పెట్టారట. మొదట వదిలిన వానపాములన్నీ చచ్చిపోయాయట.

"సావవా మరి? మొగుడు లేని నీ చేత్తో వదిలిస్తిరి," అన్నాడు ముందు సీట్లో జామకాయ తింటున్న వాళ్ల ఊరాయన. "ఈసారి కూడా సస్తే నిన్ను ఆ పనిలోంచి తీసేస్తారంట కదక్కా!"

"దిష్టి తగలగూడదని తొట్టి నిండా రాళ్లుప్పు సల్లిండేది నువ్వే కదప్పా?" అందామె.

నాకు ఒళ్లు మండింది. "ఉప్పు పడితే వానపాము బతుకుతుందా?" అని గద్దించాను.

"దిష్టి ఉప్పు వేరే సార్. అది ఏమీ చెయ్యదు," అన్నాడు, నాకు పాఠం చెబుతున్నట్టు.

ఆమె సంచిలోంచి ఒక వానపామును తీసి ఆయన అరచేతిలో పెట్టింది. జామకాయతో నంజుకుంటున్న ఆయన ఉప్పే చిటికెడు తీసి, దిష్టి తీసినట్టు మూడుసార్లు తిప్పి, దాని మీదికి చెయ్యి చాపింది. ఆయన చటుక్కున గుప్పిట మూశాడు.

"వద్దక్కా! సచ్చిపోతాది."

"ఈ మాట ఊర్లో అందరి ముందరా చెప్తావా?"

ఆయన వానపామును సంచిలో వదిలేసి, కిటికీ వైపు తిరిగాడు. నందికొట్కూరు వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు. ఆమె సంచి మీద నీళ్లు చిలకరిస్తూ కూర్చుంది.

అప్పటిదాకా నా కోపమంతా తెలియక చేసేవాళ్ల మీదే ఉండేది.