ఎద్దు పట్టెడ

నా చేతిలో పట్టెడ ఉంది, పట్టెడలో కుక్క లేదు. ఏడాది దాటినా, ఆ క్షణం నాకు నిన్న జరిగినట్టే ఉంది.

మా ఇల్లు శంషాబాద్ దాటాక, హైవే సర్వీసు రోడ్డు పక్కన. బాపుకు, అంటే మా నాన్నకు, ఒకప్పుడు పొలం, జత ఎడ్లు ఉండేవి. పొలం ప్లాట్లయింది, ఎడ్లు పోయాయి. తర్వాత గోడౌన్ల దగ్గర తిరిగే ఒక కుక్కపిల్ల మా గేటు ముందుకొచ్చి కూర్చుంది. "కుక్క మనకెందుకు బిడ్డా" అని గునిసిన బాపే రెండో రోజుకు దానికి పెరుగన్నం కలిపి పెట్టాడు. అది పెరిగి పెద్దదయ్యాక రోజూ పొద్దున్నే ముగ్గురం కలిసి నడకకు వెళ్లేవాళ్లం.

ఎయిర్‌పోర్టు క్యాబులు, కంటైనర్ లారీలు తిరిగే రోడ్డు. పట్టు లేకుండా కుక్కను తీసుకెళ్లడం కుదరదు. మొదట నైలాన్ తాడు కట్టాం. అది ఒక్కసారి గుంజేసరికి నా అరచెయ్యి కమిలింది. తర్వాత ఇనుప గొలుసు తెచ్చాను. ఆ బరువుకు పాపం మెడ వంచుకుని నడిచేది, మెడ మీద వెంట్రుకలు కూడా రాలిపోయాయి.

శంషాబాద్‌లో కుక్కల సామాను అమ్మే దుకాణం ఒకటుంది. అక్కడాయన ఛాతీకి తొడిగే బెల్టు చూపించాడు. "అక్కా, మీ కుక్కకు మెడ లావు, తలకాయ సన్నం. మెడకు కట్టినది ఎనక్కి గుంజుకుంటె ఊడొస్తది. గిది తీస్కో" అన్నాడు. అమ్ముకునేవాడు ఇంకేమంటాడులే అనుకున్నాను. దాని ఫొటో తీసుకుని వచ్చి బాపుకు చూపించాను.

"గదేంది బిడ్డా, కుక్కకు బనీన్ తొడుగుతరా? సూసినోళ్లు నవ్వుతరు" అని ఆయన లోపలికి వెళ్లి, ఇనుప పెట్టెలోంచి ఒక పాత పట్టెడ తీసుకొచ్చాడు. జతలో కుడివైపు నడిచే వలపటెద్దు మెడకు కట్టిన తోలు పట్టెడ అది. ఇత్తడి మువ్వలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

చెప్పులు కుట్టే మోచీ దగ్గర దాన్ని కురచ చేయించి, బకిల్, తాడు కట్టే రింగు వేయించాడు. కుక్క మెడకు కట్టి, పట్టెడ కింద తన వేళ్లు దూర్చి చూశాడు. "నాలుగు వేళ్లు దూరాలె. గప్పుడే మెడ ఒరుసుకోదు" అన్నాడు. ముప్పై ఏళ్ల సేద్యంలో ఏ ఎద్దు మెడా పుండు కానివ్వని మనిషి. ఆయన మాటకు నేనెందుకు ఎదురు చెప్తాను? అసలు నిజం చెప్పాలంటే నేనూ ఆ మువ్వలకే మురిసిపోయాను.

బాపు ఎప్పుడూ పది అడుగులు ముందు నడుస్తాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఎడ్లతో పొలానికి వెళ్లేటప్పుడూ అంతేనట. వెనక మువ్వలు మోగుతున్నంతసేపు తిరిగి చూసే పనే లేదనేవాడు.

ఆ రోజు పొద్దున మా పక్కనే ఒక లారీ టైరు పేలింది.

కుక్క అదిరిపడి నాలుగు కాళ్లూ తన్నిపెట్టి వెనక్కి గుంజుకుంది. నేను బుద్ధిలేనిదాన్ని, తాడును నా వైపుకు లాగాను. దాని చెవులు మడతపడ్డాయి, తల కిందికి వంగింది, పట్టెడ జర్రున జారి నా చేతికొచ్చింది. ఏం జరిగిందో దానికీ అర్థం కాలేదు. ఒక్క క్షణం నా వైపు చూసి హైవే మీదికి ఉరికింది.

బాపును పిలవాలని కూడా తోచలేదు. దాని వెంట పరుగెత్తాను. పరుగెత్తుతుంటే చేతిలో మువ్వలు గలగలమని మోగుతున్నాయి. ముందున్న బాపు వెనక్కి తిరగకుండానే, "ఉర్కకుండ్రి, మెల్లగ రాండ్రి" అన్నాడు.

అంతలో బ్రేకు కీచుమంది. నేను కళ్లు మూసుకున్నాను. చచ్చిపోయిందనే అనుకున్నాను.

తెరిచేసరికి రోడ్డుకు అడ్డంగా ఒక క్యాబు ఆగి ఉంది. దాని ముందు చక్రానికి మూరెడు దూరంలో కుక్క నేలకు కరుచుకుని వణుకుతోంది, పాసు పోసుకుంది. డ్రైవర్ దిగి, "ఏందక్కా! గిసొంటి రోడ్డు మీద కుక్కను ఇడిసిపెడ్తరా? జరైతే పానం పోతుండె!" అని గట్టిగా అరిచాడు.

"ఇడిసిపెట్టలే అన్నా" అని చెయ్యి ఎత్తి పట్టెడ చూపించాను. ఎత్తిన ఊపుకు మువ్వలు మళ్లీ మోగాయి.

అప్పటికి బాపు వచ్చాడు. కుక్కను చంకనేసుకుని పక్కకు తెచ్చాడు. తర్వాత నా చేతిలోంచి పట్టెడ తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. పెట్టిన బకిల్ పెట్టినట్టే ఉంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎద్దుకు కొమ్ములుంటయి" అన్నాడు. "తలకాయ మీదికెళ్లి ఊడదు. దీనికేమున్నయి? నాకు తట్టనే లేదు బిడ్డా."

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మీద, నా మీద, ఎవరో నవ్వుతారని భయపడిన మా ఇద్దరి తెలివి మీద. కుక్కను నేనే ఎత్తుకుని ఇంటిదారి పట్టాను.

ఆ సాయంత్రమే వెళ్లి బనీన్ లాంటి ఆ బెల్టే తెచ్చాను. లోపల మెత్తటి గుడ్డ, వీపు మీద రింగు, పట్టుకోవడానికి చేతికి ఒరుసుకోని వెడల్పాటి లీష్ పట్టీ. బాపే దాన్ని తొడిగాడు. రెండు వేళ్లు మాత్రమే దూరేటట్టు బిగించి, వాకిట్లో కుక్కను మూడుసార్లు వెనక్కి గుంజి చూశాడు. ఊడలేదు. అయినా నాలుగోసారి గుంజాడు.

"మువ్వలు దీనికి కుట్టిద్దామా బాపూ?" అని అడిగాను.

"వద్దు బిడ్డా. గా చప్పుడు ఇనే, కుక్క ఎనకనే ఉన్నదనుకున్న."

ఇప్పుడు బాపు మా ముందు నడవడు. మా వెనకాలే వస్తాడు, కుక్క మీంచి చూపు తిప్పకుండా.