వింత అని రాసిన వార్త

1964 మే 11, సోమవారం, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. నిజామాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పేపర్ల కట్ట తాడు తెంపి, మార్కండేయ నిలబడే ఐదో పేజీ తీశాడు. తన వార్త పడింది. పదకొండు పంక్తులు. "వర్ని ప్రాంతంలో వింత వ్యాధి." చివరి పంక్తి మాత్రం అతను రాసింది కాదు: "ప్రజలు తండోపతండాలుగా వచ్చి తిలకిస్తున్నారు."

అంతకుముందు బుధవారం అతను వ్యాధి సోకిన ఆ ఊరు వెళ్లినప్పుడు చూడవచ్చినవాడు ఒక్కడూ లేడు.

మార్కండేయకు ముప్పై నాలుగేళ్లు. ఇల్లు నిజామాబాద్‌లోనే, కంఠేశ్వర్‌లో. హైదరాబాదులో ఒక ఏడాది సైన్సు చదివి, తండ్రి పోవడంతో మానేసి పేపరు ఏజెంటు అయ్యాడు. ఆ రోజుల్లో ఏజెంటే విలేకరి. ఆ కాలపు విలేకరులకు 'వింత' అనే మాట చేతిలో పనిముట్టు. రెండు తలల దూడ వింత దూడ. ఆరు వేళ్ల బిడ్డ వింత శిశువు. బోధన్ వైపు ఎవరి తోటలోనో జంటగా అతుక్కుని పెరిగిన చెరకు గడ కూడా వింతే. ఆ మాట ఉంటే వార్త పడేది, లేకుంటే చాలాసార్లు పడేది కాదు. పడిన ప్రతి వింత కిందా పత్రికాఫీసు డెస్కువారు తండోపతండాల పంక్తి తగిలించేవారు. నిజంగా ఎవరైనా వచ్చారా అని అడిగే అలవాటు లేదు.

చెల్లెలు గంగమణిని ఇచ్చింది వర్నికి ఐదు మైళ్ల దూరంలోని చింతలచెలకకు. ఎండాకాలం, కాలువకు నీళ్లు ఆపేశారు. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. బుధవారానికి ఆమె వాడలోనే నలుగురు పోయారు. బియ్యం కడుగులాంటి విరేచనాలు, లోపలికి పోయిన కళ్లు, నీళ్లలో నానినట్టు ముడతలు పడిన వేళ్లు: చదువుకున్న కలరా లక్షణాల్లో ఒక్కటీ తప్పలేదు. ఊళ్లోవాళ్లు దాన్నే గత్తర అన్నారు. టీకాలవాళ్లు రావాలంటే నమూనా హైదరాబాదు వెళ్లి, నిర్ధారణ తిరిగిరావాలి. అతను ఆ సాయంత్రమే కలరా అని రాసి రైల్లో పంపాడు. గురువారం పడలేదు. శుక్రవారమూ పడలేదు.

ఇంకో పత్రిక ఏజెంటు రామ్‌దాస్, వయసులో పదేళ్లు పెద్ద, చాయ్ తాగుతూ నవ్వాడు.

"సర్కారు చెప్పందే కలరా అని ఎవడేస్తడు? నువ్వేమన్న సివిల్ సర్జన్‌వా?"

"నలుగురు సచ్చిండ్రు రామ్‌దాసన్నా. నా చెల్లె ఆడ్నే ఉంది."

"గందుకే చెప్తున్న. వింత వ్యాధి అని రాయి, పడ్తది. పడ్డదంటె డాక్టరు ఉరుక్కుంట పోతడు. మొన్న నా వింత మేకకు పశువుల డాక్టరే జీపేసుకొని వచ్చిండు!"

శనివారం మార్కండేయ ఆ మాట పెట్టి మళ్లీ రాశాడు.

సోమవారం పల్లెల పేపర్లు మొదటి బస్సుకు వేసి, పట్నంలో పేపర్లు పంచి, తర్వాతి వర్ని బస్సెక్కి, అక్కడ అద్దె సైకిలు తీసుకుని, 11 గంటల 50 నిమిషాలకు చింతలచెలక పొలిమేర చేరాడు. జీపు లేదు. ఎండిన కాలువ గట్టు పొడవునా విప్పిన ఎడ్లబళ్లు ఉన్నాయి. ఆడవాళ్ల తలల మీద పసుపు రాసిన కుండలు, చేతుల్లో వేపమండలు. ఊళ్లో అమ్మవారు వెలిసిందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు.

బావి మెట్ల మీద గంగమణి బిందె వంచి, వచ్చినవాళ్ల దోసిళ్లలో నీళ్లు పోస్తోంది.

"అన్నా! నీ పేపరు సదివే వచ్చిండ్రట. ఎండల పడి వచ్చినోళ్లకు నీళ్లన్న పొయ్యకుంటె ఎట్ల?"

అతను బిందె లాక్కున్నాడు. "తాగొద్దుండ్రి! గిది గత్తర!"

మడిచిన పేపరు నడుముకు దోపుకున్న బండివాడు హన్మాండ్లు అతన్ని ఎగాదిగా చూశాడు. "రాసినాయన నువ్వేనా సారూ? గత్తరైతె గత్తరనే రాసేటోనివి గద. వింత అని రాసినవ్. మా చాయ్ హోటల్ల రెండుమార్లు సదివిచ్చుకున్నం." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. హన్మాండ్లు మెట్లు దిగి, ఇత్తడి చెంబు ముంచి, మూతి మీద వేపరెమ్మ పెట్టాడు. ఇంటికి తీర్థం.

మార్కండేయ చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు తాగినవా?"

"గివే నీళ్లు గదన్నా. ఇంకేడున్నయ్?"

అతను పెన్సిలు తీసి, తీర్థం చెంబులున్న బండి బండికీ వెళ్లి ఊరి పేరు అడిగి రాసుకున్నాడు. సాయంత్రానికి, చింతలచెలక కాక, పదమూడు పేర్లు. ఆ జాబితా ఒక ప్రతి పత్రికకు, ఒక ప్రతి టీకాల ఆఫీసుకు పంపాడు. పత్రికలో అది పడలేదు.

గంగమణి గురువారం తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు పోయింది.

మార్కండేయ 1972 దాకా వార్తలు పంపాడు. రెండు తలల దూడ పుడితే రెండు తలల దూడ అనే రాసేవాడు. అవి చాలావరకు పడలేదు. అతని నోటుపుస్తకంలో ఆ పదమూడు పేర్ల కింద ఒక పేపరు ముక్క అంటించి ఉండేది. 1964 మే 23 నాటిది. కలరా అని అధికారికంగా ప్రకటించిన వార్త. అందులో, వ్యాధి సోకిన గ్రామాల సంఖ్య:

14.