అత్త కొట్టులో చదివిన స్కిట్టు

మా మేనత్త పోయింది. పోయిన నెల చీపురుపల్లి నుంచి బావ ఫోన్ చేసి, "అమ్మ ఎల్లిపోనాదిరా, బయల్దేరు" అన్నాడు. టీవీకి కామెడీ స్కిట్లు రాసి బతికే నాకు, దారి పొడుగునా ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.

అత్తది గాజుల కొట్టు. ఎవరైనా కొనకుండా మెట్లు దిగితే ఆవిడకి ఒళ్లు మండేది. "ఎందుకు నచ్చనేదో సెప్పి ఎల్లండమ్మా" అని మొహమాటం లేకుండా ఆపి అడిగేది. వాళ్లు చెప్పింది విని, సరుకు మార్చేది.

హైదరాబాదులో నా మొదటి స్కిట్టు ఘోరంగా తన్నేసింది. మా ఊరి గాజులావిడ మా యాసలోనే పట్నం లాయరుని బేరంలో ఓడించే కథ అది. ఒక్కరూ నవ్వలేదు. "ఈ యాస పనిమనిషి పాత్రకి పెట్టవయ్యా, అప్పుడు నవ్వుతారు" అన్నాడు ప్రోగ్రాం పెద్ద. నాకు మండిపోయింది. పెట్టె సర్దుకుని వచ్చేసి, ఇక రాయనని అత్తతో చెప్పాను.

ఆవిడ ఓదార్చే రకం కాదు. గాజులు తొడిగించుకుంటున్న ఆడవాళ్ల ముందు స్కిట్టు చదవమంది. చదివాను. వాళ్లూ నవ్వలేదు! తల కొట్టేసినట్టయింది.

"ఏటే, ఎందుకు నవ్వనేదు?" అత్త వదల్లేదు.

"మొదట్లోనే గెలిసీసింది కదమ్మా. ఇంకేటుంది సూడ్డానికి?" అంది ఒకావిడ.

అత్త నావైపు తిరిగింది. "ఇన్నావా అల్లుడా? మన మాట పనిమనిసికి పెట్టమన్నోడు ఎదవే. అలాగని నువ్వు రాసింది బాగున్నాదనుకోకు. నీ కత దిద్దుకో. మాట జోలికి మాత్రం ఎల్లకు."

దిద్దాను. గాజులావిడ చివరిదాకా ఓడిపోతూ వచ్చి, ఆఖర్న గెలిచింది. వేరే చానెల్లో అది ఆడింది, మా మాటతోనే. ఆ తర్వాత కూడా నా స్కిట్లు చాలా పోయాయి. పోయిన ప్రతిదాన్నీ ఆ కొట్టులో చదివాను. నాకు తెలిసిన బడి అదొక్కటే, సిగ్గేమీ లేదు.

దినం రోజు ఆ ఆడవాళ్లందరూ వచ్చారు. వాకిట్లో కూర్చుని అత్త మాటలు తలచుకుంటూ, కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. అప్పుడే కొత్త ప్రోగ్రాం ఆయన ఫోన్ చేశాడు. నేను పంపిన స్కిట్టులో హీరోయిన్ మాట మార్చాలట. ఆ యాసకి ఎవరూ నవ్వరట.

"మార్చను సార్. మీరే వినండి" అని ఫోన్ వాకిలి వైపు పట్టుకున్నాను.

"ఒసే, ఆవిడ నన్ను మెట్ల మీంచి ఎనక్కి ఈడ్సుకొచ్చీసింది, తెల్సా!" అంటోంది ఒకావిడ. చావింట్లో ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుంటుంటే, అత్త తొడిగిన గాజులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి.