మట్టి గోడకు సిమెంటు బోర్డు

మా ఆయన బోరు మోటార్ల మెకానిక్కు. చుట్టుపక్కల ఏ చేనులో మోటారు ఆగిపోయినా ఆయన్నే పిలిచేవాళ్లు. మూడు కాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టి, దానికి గొలుసు తగిలించి, వందల అడుగుల లోతు నుంచి పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, చివర ఉన్న మోటారును బయటికి తీసేవాడు. కుందుర్పి దగ్గర ఒక చేనులో ఆ స్టాండు కాలు మట్టిలోకి దిగబడింది. స్టాండూ పైపులూ కలిసి ఆయన వీపు మీద పడ్డాయి. ప్రాణం దక్కింది కానీ నడుము కింద స్పర్శ లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక స్నానం పెరట్లోనే. నులక మంచం అడ్డంగా నిలిపి, దాని మీద పాత చీర వేసి, ఆ చాటున బండ మీద కూర్చోబెట్టి నీళ్లు పోసేదాన్ని. ఒకరోజు గొర్రెలు తోలుకుపోతున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి, "అన్నకు ఎట్లుండాది?" అని నన్ను పలకరించారు. మంచి మనసుతోనే అడిగారు. అప్పుడే గాలికి చీర లేచింది. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వంచేసుకున్నాడు. ఆ తర్వాత వారం రోజులు స్నానమే వద్దన్నాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా పడకగదికి ఆనుకుని పశువుల కొట్టం ఉంది. గొడ్లను అమ్మేశాక ఖాళీగా పడి ఉండేది. లోపలి నుంచే తలుపు ఉంది, చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు కూడా. దాన్నే స్నానాల గది చేయిద్దామనుకుని ఊళ్లో మేస్త్రీని పిలిచాను. మేస్త్రీ గోడను గోటితో గీకి చూపించాడు. జలజలా మట్టి రాలింది.

"ఇది రాళ్లూ మట్టీ పెట్టి కట్టిన గోడమ్మా. దీని మీద సిమెంటు పూసి టైల్సు వేస్తే నిలబడవు. నీళ్లు దిగితే లోపల మన్ను ఉబ్బి అంతా ఊడి పడతాది. గోడ తీసేసి కట్టాలంటే పైన మిద్దె బండలు దించాల. ఇల్లే కదిలిపోతాది."

"మరి దారే లేదా?"

"బెంగళూరులో గోడ ముందర ఇంకో గోడ మాదిరి బోర్డులు కొడతాండారు. అనంతపురంలో అడిగి చూడు."

నేను పనిచేసే అంగన్‌వాడీకి ఒకరోజు సెలవు పెట్టి అనంతపురం పోయాను. అంగడాయన మూడు రకాలు చూపించాడు. తెల్లది, పచ్చది, బూడిద రంగుది. తెల్లదీ పచ్చదీ తేలిక, నున్నగా ఉన్నాయి. బూడిద రంగుది బరువు. సిమెంటులో నారలాంటిది కలిపి ఒత్తిన బోర్డు అని చెప్పాడు. పచ్చది కూడా తేమకు తట్టుకుంటుందన్నాడు. తేమకు తట్టుకోవడం వేరు, రోజూ నీళ్లు పడటం వేరు కదా అన్నాను. ఆయన నవ్వి, మూడింటివీ అరచేతి వెడల్పు ముక్కలు ఇచ్చి, "నువ్వే నానబెట్టి చూసుకో తల్లీ" అన్నాడు.

ఆ ముక్కల్ని మా ఆయన మంచం పక్కనే బకెట్లో వేశాను. మర్నాడు పొద్దున తీస్తే తెల్లది చేతిలోనే పిండైపోయింది. పచ్చదాని అంచులు ఉబ్బి, పై కాగితం లేచింది. బూడిద రంగుది నల్లబడింది, అంతే. ఆయన చేయి చాచాడు. ముక్కను అటూ ఇటూ తిప్పాడు, బొటనవేలితో అంచు నొక్కాడు, మంచం పట్టె మీద కొట్టి శబ్దం విన్నాడు.

"ఇది తీసుకో. రెండోది కూడా వొద్దు."

దెబ్బ తగిలాక ఆయన ఒక పని గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

బోర్డులు బిగించడానికి గోరంట్ల వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బెంగళూరు అపార్టుమెంట్లలో చాలా ఏళ్లు ఇదే పని చేసి వచ్చిన మనిషి. వచ్చీ రాగానే మట్టి గోడను ముట్టుకోనన్నాడు. దానికి జానెడు ఇవతల, కింద నేలకూ పైన దూలాలకూ ఇనుప చానళ్లు బిగించి చట్రం నిలబెట్టాడు. నీళ్ల పైపు చట్రం లోపల ముందే వేశాడు. బోర్డులు కొట్టాక మళ్లీ విప్పడం కుదరదట. మంచాన్ని తలుపుకు ఎదురుగా జరిపించుకుని మా ఆయన అన్నీ చూస్తున్నాడు.

"ఏమప్పా, పట్టుకునే కడ్డీ యాడ పెడతాండావు?" అని అడిగాడు.

"బోర్డులు అయినంక స్క్రూలు కొడతానన్నా."

"ఉత్త బోర్డుకు కొడితే నా బరువుకు పెరుక్కుని వస్తాది. వెనక ఇనుప పట్టీ వేసి, దానికి కొట్టు."

"నిజమే అన్నా" అన్నాడు బిగించేవాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోసుకొచ్చాము. చేయి ఎంత ఎత్తుకు అందుతుందో అక్కడ సుద్దముక్కతో గీత గీసి, వెనక పట్టీ వేశారు.

బోర్డు కోసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు చిలకరించేవాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, "ఈ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదక్కా, దూరంగా ఉండు" అనేవాడు. బోర్డు అడుగు నేలకు తాకకుండా వేలెడు సందు వదిలి, ఆ సందులో మెత్తగా సాగే బంక నింపాడు. బోర్డు నీళ్లలో నిలబడితే కింది నుంచి తడి పీలుస్తుందట. అతుకుల మీద జాలీ పట్టీ అంటించి, మూలలన్నీ రెండుసార్లు పూసి, గోడలకూ, కొత్తగా సిమెంటు చేసిన నేలకూ నీళ్లు దిగని రంగు వేశాడు. ఒక పూత ఆరాక రెండోది. ఆ తర్వాతే టైల్సు. మా ఆయన తెల్లవి వద్దని లేత నీలం రంగువి చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు.

టైల్సు వేసే ముందు బిగించేవాడు తూముకు గుడ్డ కుక్కి, గది నేల మీద నీళ్లు నింపమన్నాడు. ఒక పగలూ రాత్రీ నిలబెట్టి, ఎక్కడైనా దిగుతున్నాయేమో చూడాలట. పెరటి వెనక మా బోరు మోటారు వేశాను. కొంతసేపటికి మా ఆయన మంచం మీది నుంచి పిలిచాడు.

"మోటారు వేసి ఎంతసేపయింది?"

"అరగంట."

"చాలు, ఆపు."

"ఇంకా నిండలేదే."

"ఉన్న నీళ్లు చాలు. ఆపు."

మొహం అటు తిప్పుకున్నాడు. అలసిపోయాడనుకున్నాను. నీళ్లు ఎక్కడా దిగలేదు. టైల్సు వేశారు.

మొదటి రోజు స్నానానికి నన్ను బయటే ఉండమన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి తలుపు వేశాను. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. చాలాసేపు రాలేదు. పిలవాలా వద్దా అనుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాను. బయటికి తెచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, సబ్బు పడిందన్నాడు. తలంతా ఆయనే తుడుచుకున్నాడు.

అట్లా పదకొండు రోజులు.

పన్నెండో రోజు పైపులో నీళ్లకు బదులు గాలి వచ్చింది. తర్వాత ఎర్రటి బురద కొంచెం ఉమ్మి ఆగిపోయింది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇంకో మెకానిక్కు వచ్చి మోటారు పైకి తీసి, ఇంకో రెండు పైపులు కలిపి దించి చూశాడు. కింద ఏమీ లేదు.

"నాకు ఆ పొద్దే తెలుసు," అన్నాడు మా ఆయన. "నేల మీద నీళ్లు నింపిన పొద్దు. మోటారు గొంతు మారినాది. నీళ్లు తగ్గితే అట్లే కూస్తాది."

"మరి నాకెందుకు చెప్పలేదు? టైల్సు ఆపేసేదాన్ని గదా."

"అందుకే చెప్పలే."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినదల్లా అన్నాను. ఇన్ని రోజుల తిరుగుడు, సెలవులు, బస్సులు అన్నీ ఏకరువు పెట్టాను. నేను ఆగాక ఆయన మెల్లగా అన్నాడు: "నువ్వు టైల్సు పెట్టెలు మోస్తాంటివి. మొహం వేరే మాదిరి ఉండింది. ఆ పొద్దు ఎట్ల చెప్పాల?"

అప్పుడు వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

తర్వాత నీళ్ల లారీయే దిక్కయింది. వచ్చిన రోజు వీధంతా బిందెలు. దొరికినదాంట్లో అర బకెట్టు ఆయన స్నానానికి దాచేదాన్ని. ఆ గదిలోనే కుర్చీలో కూర్చుని, గుడ్డ తడిపి ఒళ్లు తుడుచుకునేవాడు. అదైనా మిగిలిందనుకున్నాను. ఎండాకాలం చివరికి తుంటి మీద పుండు లేచింది. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. నేను చూసేసరికి లోతైపోయింది. కుర్చీలో కూర్చోబెట్టవద్దనీ, పక్కలు మార్చి పడుకోబెట్టమనీ డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లని అడిగితే సరిగ్గా చెప్పలేదు. అప్పటి నుంచి మంచం మీదే తుడుస్తున్నాను. ఆ గదిలో లారీ నీళ్ల డ్రమ్ములు పెట్టాను. బోర్డు చెక్కు చెదరలేదు. ఒక్క టైలు కూడా కదలలేదు.

మొన్న చలికాలంలో ఎదురింటి పిల్ల కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వాళ్లకు పెరట్లో తడిక చాటు తప్ప ఏమీ లేదు. బిడ్డ పుట్టాక వాళ్లమ్మ వచ్చి, "బాలింతకు వేన్నీళ్లు పోయాల, గాలి తగలకూడదు. నీళ్లు మావే తెచ్చుకుంటాము" అని అడిగింది. డ్రమ్ములు ఒక పక్కకు జరిపాను.

రోజూ పొద్దున తల్లీకూతుళ్లు రెండు బిందెల వేన్నీళ్లు మోసుకొచ్చేవాళ్లు. తలుపు వేసుకుంటే లోపల ఆవిరి, పసుపు వాసన, నీళ్లు పడే చప్పుడు. మా ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఒకసారి మాత్రం, "ఆ పిల్లను కడ్డీ పట్టుకుని లెయ్యమను. తడి మీద జారుతాది" అన్నాడు. నేను పోయి చెప్పి వచ్చాను.

బిడ్డకు మూడో నెల రాగానే ఆ పిల్ల దాన్ని ఎత్తుకుని గార్లదిన్నెకు, అత్తగారింటికి పోయింది. నేను డ్రమ్ములు మళ్లీ గది మధ్యకు లాగాను.